అడుగు లేని బుట్ట – అందరూ ఆడే ఆట

ధ్యానమునకు: జెకర్యా 8:5, నెహెమ్యా 3:12, 2 తిమోతి 2:5



ఈ నెల మీకు ఒక ఆట నేర్పాలని ఆశపడుతున్నాము. సంఘ పత్రికలో ఆటల సంగతి ఎందుకని కొందరు పెద్దలు అనుకోవచ్చు. ఎందుకో ముందు చెబుతాము. తరువాత ఆట చెబుతాము. దయచేసి చివరి వరకు చదవండి.

కిందటి వేసవిలో మంగళగిరిలో మా సంఘము పిల్లలకు వి.బి.యస్. జరిపాము. ఉదయం పాటలు, వాక్యము, కంఠత పోటీలు. ఎండ తగ్గాక, సాయంత్రం ఐదున్నర నుండి ఆటలు. మగపిల్లలు దేవాలయము వెనుక ఖాళీ స్థలంలో క్రికెట్ మొదలుపెట్టారు. ఆడపిల్లలు వేపచెట్టు క్రింద కూర్చున్నారు. వాళ్ల ప్రక్కన అన్నదమ్ములు విడిచిన చెప్పులు, సంచులు, బైబిళ్లు ఉన్నాయి. అటు వెళ్తూ, "మీరు ఆడటం లేదేమ్మా?" అని అడిగాము. పదవ తరగతి చదివే ఒక అమ్మాయి లేచి నిలబడి, "మేము చెప్పులకు కాపలా అండీ" అన్నది. నవ్వుతూనే అన్నది. మిగతా పిల్లలూ నవ్వారు. మాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ పిల్లలందరినీ మేము సండే స్కూలు చిన్న తరగతి నుండి ఎరుగుదుము. ఆరేళ్లప్పుడు మగపిల్లలతో సమానంగా పరుగెత్తినవారే. ఎనిమిదేళ్లప్పుడు చెట్లెక్కినవారే. పన్నెండేళ్లు వచ్చేసరికి ఆట ఆగిపోయింది. ఆడవద్దని ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పనక్కరలేకుండానే వాళ్లు చెట్టు క్రిందకు వెళ్లి కూర్చున్నారు. అక్కడనే మాకు గ్రుచ్చుకున్నది.

జెకర్యా ప్రవక్త ఎనిమిదవ అధ్యాయంలో యెరూషలేము మరల కుదుటపడే దినములను గురించి చెబుతూ, ఆ పట్టణపు వీధుల నిండా మగపిల్లలూ ఆడపిల్లలూ ఆడుకుంటూ కనిపిస్తారని చెప్పాడు. రెండు మాటలూ ఆయన విడివిడిగా చెప్పాడు. దేవుని ఆశీర్వాదము ఊరి మీద ఉన్నదనడానికి గుర్తుగా ప్రవక్తకు కనిపించిన దృశ్యం అది. మా దేవాలయము ఆవరణలో మాత్రం ఆ దృశ్యంలో సగమే కనిపించింది.

ఏ ఆట ఆడించాలి?

ఆడపిల్లలకు వేరుగా రింగు ఆటో, త్రోబాలో పెడదామని మొదట అనుకున్నాము. అవి మంచి ఆటలే. కాని ఉన్న స్థలం ఒక్కటే. దానిని సగం చేస్తే ఎవరికీ చాలదు. పోనీ ఆడపిల్లలను కూడా క్రికెట్‌లో కలుపుదామంటే, ఏం జరుగుతుందో మనకందరికీ తెలుసు. వాళ్లను దూరంగా గోడ దగ్గర నిలబెడతారు. బంతి ముళ్లకంపలో పడితే తెమ్మంటారు. ఆడనిచ్చామన్న పేరు మనకు వస్తుంది గాని, ఆడామన్న తృప్తి వాళ్లకు రాదు.

మాలో ఒకరు విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో కోర్ఫ్‌బాల్ అనే ఆట చూశారు. ఒక్కో జట్టుకు ఎనిమిదిమంది. అందులో నలుగురు మగవారు, నలుగురు ఆడవారు. అలా ఉండటం ఎవరో దయతలచి ఇచ్చిన సడలింపు కాదు, ఆట నియమమే అది. ఆడపిల్లలు లేకపోతే ఆట మొదలుకాదు. ఇదేదో మనకోసమే ఉన్నట్లున్నదని దాని గురించి చదివి, నేర్చుకొని, ఆడించి చూశాము.

ఆట పుట్టిన విధము

డచ్చి భాషలో 'కోర్ఫ్' అంటే బుట్ట. నెదర్లాండ్స్ దేశంలోని ఆమ్‌స్టర్‌డామ్ పట్టణంలో నికో బ్రూక్‌హైసెన్ అనే బడిపంతులు 1902లో ఈ ఆటను తయారుచేశాడు. ఆయన స్వీడన్ దేశంలోని నేస్ అనే చోట ఉపాధ్యాయుల శిక్షణకు వెళ్లినప్పుడు, గుంజకు కట్టిన వలయంలో బంతి వేసే ఆట ఒకటి చూశాడు. తిరిగి వచ్చాక తన బడి పిల్లలకు దానిని కొంచెం మార్చి నేర్పాడు. వలయం బదులు అడుగు తీసేసిన బుట్ట కట్టాడు. బుట్ట అయితే బంతి అందులోనుండి పడిందో ప్రక్కనుండి పోయిందో దూరాన ఉన్నవారికి కూడా స్పష్టంగా తెలుస్తుంది. ఆయన పనిచేసిన బడిలో ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి చదివేవారు. కలిసి చదివే పిల్లలు కలిసి ఆడగల ఆట ఉండాలన్నది ఆయన ఆలోచన.

మరుసటి ఏడు, 1903లో, అక్కడ ఈ ఆటకు ఒక సంఘము ఏర్పడింది. అయితే అందరూ మెచ్చుకోలేదు సుమా! ఆడా మగా కలిసి ఆడటం మర్యాద కాదని విమర్శించినవారు అక్కడా ఉన్నారు. నూరేళ్ల క్రిందట ఐరోపాలో వచ్చిన మాటే ఈనాడు మన ఊళ్లలోనూ వస్తుంది. దాని సంగతి తరువాత చూద్దాము.

1920లో ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లోను, 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లోను ఈ ఆటను ప్రదర్శించారు. 1933లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. 1978 నుండి ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి. వాటిలో ఐదవది 1995లో మన దేశంలోనే, న్యూఢిల్లీలో జరిగింది. 1978 నుండి 2023 వరకు జరిగిన ప్రపంచ పోటీలలో ఒక్క 1991లో బెల్జియం గెలిచింది, మిగిలినవన్నీ నెదర్లాండ్స్ గెలిచింది. మన విశ్వవిద్యాలయాల మధ్య జరిగే పోటీలలో కూడా కోర్ఫ్‌బాల్‌కు చోటున్నది. కాబట్టి ఇది ఏదో కాలక్షేపానికి కల్పించినది కాదు, క్రమమైన ఆట.

క్రైస్తవ సేవకు, ఆటలకు సంబంధం కొత్తది కూడా కాదు. బుట్టలో బంతి వేసే బాస్కెట్‌బాల్‌ను 1891లో జేమ్స్ నైస్మిత్ తయారుచేసింది అమెరికాలోని వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలోనే. వాలీబాల్ 1895లో పుట్టింది కూడా వై.ఎం.సి.ఏ.లోనే. హ్యారీ క్రో బక్ అనే ఆయన 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించాడు.

కావలసినవి

స్థలము: పెద్ద కొలత ప్రకారం 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. మన లెక్కలో ఇరవై సెంట్లు. మధ్యలో అడ్డంగా గీత గీసి రెండు సమభాగాలు చేయాలి. గీతలకు సున్నం చాలు. అంత చోటు లేకపోతే పది సెంట్లలో ఒకే గుంజతో ఆడుకోవచ్చు. ఆ విధానం క్రింద చెబుతాము.

గుంజలు: రెండు కావాలి. ఒక్కో భాగంలో ఒకటి. వెనుక గీత నుండి 6 మీటర్ల 67 సెంటీమీటర్ల దూరంలో, అంటే మొత్తం పొడవులో ఆరోవంతు లోపలికి, వెడల్పుకు సరిగ్గా మధ్యలో పాతాలి. రెండంగుళాల ఇనుప పైపు సరిపోతుంది. బాస్కెట్‌బాల్‌కు ఉన్నట్లు వెనుక చెక్క పలక ఉండదు. గుంజ చుట్టూ ఏ వైపునుండైనా బంతి వేయవచ్చు. గుంజ ఊగకుండా బాగా లోతుగా పాతండి. తలలు, భుజాలు తగలకుండా మనిషి ఎత్తు వరకు గోనెసంచులు చుట్టండి.

బుట్ట: వ్యాసము సుమారు 40 సెంటీమీటర్లు, ఎత్తు 25 సెంటీమీటర్లు. అడుగు ఉండదు. బుట్ట పై అంచు నేల నుండి మూడున్నర మీటర్ల ఎత్తున, అంటే పదకొండున్నర అడుగుల ఎత్తున ఉండాలి. బుట్ట గుంజకు ముందువైపు, మైదానము మధ్యకు చూస్తూ ఉంటుంది. ఇప్పుడు పెద్ద పోటీలలో ప్లాస్టిక్ బుట్టలు వాడుతున్నారు గాని, వెనుక బెత్తపు బుట్టలే వాడేవారు. మన మేదరివారిని అడిగితే వెదురుతో అల్లి ఇస్తారు. మేము అట్లే చేయించాము. అడుగు లేని బుట్ట ఎందుకని అల్లినాయన మమ్మల్ని రెండుసార్లు అడిగాడు! చిన్నపిల్లలు ఆడేటప్పుడు బుట్టను మూడు మీటర్లకో, ఇంకా క్రిందకో దించుకోండి.

బంతి: ఐదవ నంబరు బంతి, అంటే మామూలు ఫుట్‌బాల్ అంత. మరీ గట్టిగా గాలి కొట్టవద్దు, వ్రేళ్లు నొప్పి పుడతాయి.

ఒక ఈల, ఒక గడియారము. ఇంతే.

జట్టు నిలబడే విధము

ఎనిమిదిమందిలో ఇద్దరు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు ఒక భాగంలో. మిగతా నలుగురు రెండవ భాగంలో. ఒక భాగంలో ఉన్నవారు గోల్ వేసేవారు, రెండవ భాగంలో ఉన్నవారు బుట్టకు కాపలా కాసేవారు. ఎవరి భాగము వారిదే. మధ్య గీత దాటి రెండవ భాగంలోకి వెళ్లి ఆడకూడదు. కాపలా కాసేవారు బంతి సంపాదించి, గీత అవతల ఉన్న తమ జట్టువారికి అందించాలి.

ఇక్కడ ఒక చక్కని నియమము ఉన్నది. రెండు గోల్స్ పడగానే, అవి ఏ జట్టువైనా సరే, అందరూ భాగాలు మారతారు. గోల్ వేసేవారు కాపలాకు వెళ్తారు, కాపలా కాసినవారు గోల్ వేయడానికి వస్తారు. ఎప్పుడూ గోల్ వేసి పేరు తెచ్చుకొనేవాడొకడు, ఎప్పుడూ వెనుక కాపలా ఉండేవాడొకడు అనేది ఈ ఆటలో లేదు. ప్రతివారూ రెండు పనులూ నేర్చుకోవలసిందే.

ఆట సమయము చాలాకాలం ముప్పై నిమిషాల చొప్పున రెండు సగాలుగా ఉండేది. ఇప్పుడు అంతర్జాతీయ పోటీలలో పది నిమిషాల చొప్పున నాలుగు భాగాలు ఆడుతున్నారు. మన పిల్లలకు పదిహేను నిమిషాల చొప్పున రెండు సగాలు చాలు. సగం ఆట కాగానే జట్లు వైపులు మారాలి.

ఆడే విధము

బంతి చేతులతోనే ఆడాలి. బంతి పట్టుకొని పరుగెత్తకూడదు. నేలకేసి కొట్టుకుంటూ ముందుకు పోకూడదు. పరుగులో ఉండగా బంతి చేతికి వస్తే ఒకటి రెండు అడుగులలో ఆగిపోవాలి. ఆగిన తరువాత ఒక పాదము కదపకుండా, రెండవ పాదముతో చుట్టూ తిరగవచ్చు. తనకు తానే బంతి వేసుకొని పట్టుకోవడం కూడా తప్పు. అంటే బంతి చేతికి వచ్చినవాడు ఎంత బలవంతుడైనా, ఎంత వేగంగా పరుగెత్తగలవాడైనా, ప్రక్కవారికి ఇవ్వక తప్పదు. ఒంటరిగా గెలిచే మార్గమే లేదు.

రెండవ ముఖ్య నియమము కాపలాను గురించినది. మగపిల్లవాడు మగపిల్లవానికే కాపలా కాయాలి, ఆడపిల్ల ఆడపిల్లకే. అబ్బాయి బంతి వేస్తుంటే అమ్మాయి గాని, అమ్మాయి వేస్తుంటే అబ్బాయి గాని అడ్డుపడకూడదు. ఇంకొక మాట: ఒకరికి ఒకరే కాపలా. ఇద్దరు కలిసి ఒకరిని చుట్టుముట్టకూడదు.

మూడవది, ఈ ఆటకే ప్రత్యేకమైనది: కాపలాలో ఉండగా గోల్‌కు వేయకూడదు. కాపలా అంటే ఏమిటి? ఎదుటివారు మీకంటే గుంజకు దగ్గరగా ఉండి, చేయి చాపితే అందేంత దూరంలో, మీవైపు తిరిగి, బంతిని ఆపడానికి చేయి పైకెత్తి ఉంటే మీరు కాపలాలో ఉన్నట్లు. అప్పుడు వేసిన బంతి బుట్టలో పడినా గోల్ కాదు, బంతి ఎదుటి జట్టుకు పోతుంది. కాబట్టి ఎత్తుగా ఉన్నవాడు చిన్నవాని తలమీదుగా వేసి గెలవలేడు. కాపలాను తప్పించుకొని ఖాళీ చూసుకోవాలి. ఒకవైపు వెళ్తున్నట్లు కదిలి రెండవవైపు తిరగడం, బంతి ఇచ్చి వెంటనే గుంజ వైపు పరుగెత్తి తిరిగి అందుకోవడం, గుంజ చుట్టూ తిరిగి రావడం, ఇవే మార్గాలు. బలము కంటే కన్ను, కాలు, తోడివారిపై నమ్మకము ఎక్కువ పనిచేస్తాయి.

ముట్టుకోవడం తప్పు. నెట్టడం, పట్టుకోవడం, ఎదుటివారి చేతిలోని బంతి లాక్కోవడం, కొట్టి పడగొట్టడం, ఇవన్నీ తప్పులే. గాలిలో ఉన్న బంతిని అందుకోవచ్చు, చేతిలో ఉన్న బంతి వారిదే. పిడికిలితో గుద్దడం, కాలితో తన్నడం పనికిరాదు. గుంజను పట్టుకొని ఎగరడం, గోల్ పడకుండా గుంజను కదపడం కూడా తప్పు.

చిన్న తప్పు జరిగితే అదే చోట ఎదుటి జట్టుకు బంతి ఇస్తారు. గోల్ వేసే అవకాశమును పాడుచేసే తప్పు జరిగితే పెనాల్టీ. గుంజకు రెండున్నర మీటర్ల దూరంలో గుర్తు పెట్టి, అక్కడనుండి ఎవరి అడ్డూ లేకుండా ఒకరు వేస్తారు.

పది సెంట్ల స్థలమే ఉంటే ఒక గుంజ పాతి, నలుగురు నలుగురుగా ఆడించండి. కాపలావారికి బంతి దొరికితే, దానిని ముందు గీత వరకు తీసికొనివెళ్లి అక్కడనుండి తాము గోల్‌కు ఆడాలని మేము పెట్టుకున్నాము. బాగానే నడిచింది.

ఆరు రోజులలో నేర్పే క్రమము

మొదటి రోజు: బుట్ట జోలికి పోవద్దు. వలయంగా నిలబెట్టి బంతి అందించడం నేర్పండి. రెండు చేతులతో, రొమ్ము ఎత్తున, ఎదుటివారి చేతులకు చేరేటట్లు.

రెండవ రోజు: పరుగెత్తుతూ అందుకోవడం, ఆగడం, ఒక పాదము మీద తిరగడం. ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి, ఓపిక పట్టండి.

మూడవ రోజు: గోల్‌కు వేయడం. రెండు మూడు మీటర్ల దూరంనుండి, రెండు చేతులతో, మోకాళ్లు కొంచెం వంచి, బంతిని పైకి నెట్టాలి. వెనుక పలక లేదు కాబట్టి బంతి ఎత్తుగా లేచి నిలువుగా దిగాలి. ప్రతివారికీ ఇరవై అవకాశాలు ఇవ్వండి. బాగా వేసేవారికి ఎక్కువ, వేయలేనివారికి తక్కువ ఇవ్వకండి.

నాల్గవ రోజు: కాపలా. చేయి ఎత్తి, తాకకుండా, గుంజకు ఎదుటివారికి మధ్య నిలబడటం.

ఐదవ రోజు: ఒక గుంజ దగ్గర నలుగురు నలుగురుగా ఆట. ఒకరు గుంజ క్రింద నిలబడి తప్పిన బంతిని అందుకోవాలి, ఒకరు బంతి అందించాలి, ఇద్దరు చుట్టూ తిరుగుతూ ఖాళీ చూసి వేయాలి. ఈ పనులు మార్చి మార్చి చేయించండి.

ఆరవ రోజు: పూర్తి ఆట.

బట్టల సంగతి ఒక మాట. వదులుగా ఉండే పంజాబీ డ్రస్సు గాని, ట్రాక్ ప్యాంటు గాని వేసుకోవచ్చు. చున్నీ వ్రేలాడితే కాళ్లకు చుట్టుకుంటుంది, తీసి ప్రక్కన పెట్టాలి లేదా నడుముకు గట్టిగా కట్టుకోవాలి. గాజులు, గొలుసులు, జడపిన్నులు తీసేయాలి. గోళ్లు కత్తిరించుకోవాలి. ఈ రోజు ఆడలేనని ఆడపిల్ల చెబితే ఎందుకని అడగవద్దు. మన ఎండలకు ఉదయం ఏడు లోపల, లేదా సాయంత్రం ఐదున్నర తరువాతనే ఆడించండి. మధ్యలో నీళ్లు, మజ్జిగ ఇవ్వండి.

మా ఆవరణలో జరిగినది

మొదటి పూర్తి ఆట ఇరవై నిమిషాలు గోల్ లేకుండా సాగింది. కారణము చెబితే మన మగపిల్లలకు సిగ్గుగా ఉంటుంది, అయినా చెబుతాము. అబ్బాయిలు బంతి అబ్బాయిలకే ఇచ్చుకున్నారు. అమ్మాయిలు ఖాళీగా నిలబడి చేతులు చాపినా చూడలేదు. ప్రతి అబ్బాయికీ ఎదుటి అబ్బాయి కాపలా ఉన్నాడు గనుక గోల్‌కు వేయడానికి వీలు లేదు. దూరంనుండి విసిరారు, అందలేదు. ఒకరినొకరు కోప్పడ్డారు.

మేము ఆట ఆపి ఉపదేశము చేయలేదు. ఈల ఊదుతూ ఉన్నాము, అంతే. చివరకు దారిలేక ఒక అబ్బాయి బంతిని గుంజ దగ్గర ఒంటరిగా ఉన్న అమ్మాయికి ఇచ్చాడు. అంతకుముందు నెలంతా మిరపకోతకు వెళ్లి వచ్చిన పిల్ల. చేతులు ఎంత చురుకో మాకు అప్పుడే తెలిసింది. మొదటిసారి తప్పింది. రెండవసారి పడింది. ఆ తరువాత ఎవరూ చెప్పకుండానే బంతి అందరికీ వెళ్లడం మొదలైంది. పౌలు కొరింథీ సంఘమునకు వ్రాసిన మొదటి పత్రిక పన్నెండవ అధ్యాయంలో శరీరమును గురించి, అవయవములను గురించి చెప్పినది మనము ఎన్నోసార్లు విన్నాము. ఆ సాయంత్రం మా పిల్లలకు అది బంతి ద్వారా అర్థమైంది.

ఆడపిల్లల వైపు నుండి కూడా ఒక కష్టము ఉన్నది. "నాకు వేయొద్దు, నాకు రాదు" అని తప్పుకొనేవారు. ఆరేళ్లుగా చెట్టు క్రింద కూర్చున్నవారికి బంతి అంటే భయము ఉండదా? నవ్వవద్దు, తొందరపెట్టవద్దు. బంతి జారవిడిచినప్పుడు మగపిల్లలు ఎగతాళి చేస్తే మాత్రం ఊరుకోకండి. మేము ఎగతాళిని కూడా తప్పుగా లెక్కకట్టి బంతి ఎదుటి జట్టుకు ఇచ్చాము. ఇది ప్రపంచ పోటీల నియమము కాదు, మా ఆవరణ నియమము.

పెద్దల సందేహము

రెండవ వారములో మా సంఘ పెద్దలలో ఒకరు వచ్చి, "వయసు వచ్చిన పిల్లల్ని కలిపి ఆడించడం బాగుండదండీ. రేపు ఊళ్లో నలుగురూ నాలుగు మాటలంటే మా పిల్లకు సంబంధాలు ఎట్లా వస్తాయి?" అని అడిగారు. ఆయన కోపంగా అనలేదు, భయంగా అన్నారు. ఆడపిల్ల తండ్రి భయమును తేలికగా తీసికోకూడదని మేము నమ్ముతున్నాము. కూర్చోబెట్టి మాట్లాడాము.

కబడ్డీలో పట్టుకోవాలి, ఈ ఆటలో పట్టుకుంటే తప్పని చెప్పాము. ఆడపిల్లకు ఆడపిల్లే కాపలా అని గీతలు గీసి చూపించాము. యౌవన స్త్రీలను అక్కచెల్లెళ్లుగా, పూర్ణ పవిత్రతతో చూడమని పౌలు తిమోతికి ఇచ్చిన హెచ్చరిక ఉన్నది గదా (1 తిమోతి 5:2). అక్కచెల్లెళ్లతో మాట్లాడకుండా, వారిని చెట్టు క్రింద కూర్చోబెట్టి ఆ గౌరవము ఎక్కడ నేర్చుకుంటాడు మగపిల్లవాడు? ఈల ఊదే పెద్దల ఎదుట, వెలుగులో, నియమముల మధ్య నేర్చుకోవడమే మేలు.

అప్పుడు స్త్రీల సమాజములోని ఒక మామ్మగారు అందుకొని, "పత్తి తీసేటప్పుడు, కల్లంలో కాయలు ఎండబోసేటప్పుడు ఆడపిల్లా మగపిల్లాడా అని చూశామా నాయనా? పని కాడ లేని సిగ్గు ఆట కాడికి వచ్చేసరికి వచ్చిందా?" అన్నారు. మాకు నెహెమ్యా గ్రంథము జ్ఞాపకము వచ్చింది. యెరూషలేము గోడ కట్టినప్పుడు షల్లూము అనే అధిపతి తన కుమార్తెలతో కలిసి తన వంతు గోడ బాగుచేశాడని మూడవ అధ్యాయము పన్నెండవ వచనములో ఉన్నది. గోడ దగ్గర ఆ తండ్రి ప్రక్కన కుమార్తెలు నిలబడ్డారు. ఆ సంగతి పరిశుద్ధ గ్రంథములో వ్రాయబడింది.

ఆ సంభాషణ తరువాత మేము కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాము. మీ సంఘములో ఆడించాలనుకుంటే ఇవి పాటించండి. ఆట బహిరంగ స్థలంలోనే జరగాలి. ఒక పురుషుడు, ఒక స్త్రీ, ఇద్దరు పెద్దలు తప్పక ఉండాలి. చీకటి పడకముందే ముగించాలి. ఆడపిల్లలు ఒంటరిగా కాక గుంపుగాను, ఇంటివారితోను వెళ్లాలి. తల్లిదండ్రులను చూడటానికి రమ్మనండి, కుర్చీలు వేయండి. పిల్లల ఫోటోలు తీసి సెల్‌ఫోన్లలో పంపుకోవడం వద్దు.

ఇంత చేసినా, ఆ తండ్రిగారు పెద్దమ్మాయిని ఇంకా పంపడం లేదు. చిన్నమ్మాయిని పంపుతున్నారు. మేము ఆయనను తప్పుపట్టడం లేదు. కాని కొన్ని సాయంత్రాలు ఆయన ప్రహరీగోడ అవతల సైకిల్ ఆపి, కాసేపు చూసి వెళ్తున్నారు. మేము పిలవడం లేదు. కనిపెడుతున్నాము.

చివరి మాట

శరీర సాధన కొంచెము మట్టుకే ప్రయోజనకరమని, భక్తి అన్నిటికీ ప్రయోజనకరమని పౌలు భావము (1 తిమోతి 4:8). అది మేము ఒప్పుకుంటాము. ఆట మోక్షము ఇవ్వదు. కాని నియమము ప్రకారము పోరాడనివానికి కిరీటము లేదని చెప్పింది కూడా ఆయనే (2 తిమోతి 2:5). మంచి నియమము బలహీనులకు చోటు చూపిస్తుంది, బలవంతులకు హద్దు చూపిస్తుంది. ఒక్క ఆటలోనే కాదు, ఇంటిలోను సంఘములోను అటువంటి నియమములు ఉన్నాయా లేదా అని మనలను మనము ప్రశ్నించుకోవలసి ఉన్నది. కమిటీలో, కూడికలో, ఇంటి భోజనపు వరుసలో ఎవరు ఎప్పుడూ గోల్ వేస్తున్నారు? ఎవరు ఎప్పుడూ కాపలా కాస్తున్నారు? రెండు గోల్స్ తరువాత మనము స్థానాలు మారుతున్నామా?

ఆ రోజు చెప్పులకు కాపలా అన్న అమ్మాయి పదవ తరగతి పాసై ఇంటర్మీడియట్ చదవడానికి హాస్టలుకు వెళ్లింది. అక్కడ ఆడే వీలు లేదని చెప్పింది. సెలవులకు వచ్చినప్పుడు మాత్రం సాయంత్రం కాకముందే వచ్చి గీతలకు సున్నం పోస్తుంది. ఇప్పుడు చెప్పులన్నీ వేపచెట్టు క్రింద ఒకే వరుసలో ఉంటున్నాయి. వాటికి కాపలా ఎవరూ లేరు. ఇంతవరకు ఒక్క జత కూడా పోలేదు.

యౌవనుల కూడికలో చర్చకు:

1. మన దేవాలయము ఆవరణలో ఆదివారం సాయంత్రం ఎవరు ఆడుతున్నారు? ఎవరు చూస్తున్నారు?

2. మన ఇంటిలో ఆడపిల్లలు ఏ వయసులో ఆట మానేశారు? ఎందుకు?

3. మగపిల్లలు అక్కచెల్లెళ్లను గౌరవించడం నేర్చుకోవడానికి మన సంఘములో ఏమి చేస్తున్నాము?

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా ఊరి వీధులలో మా కుమారులు, కుమార్తెలు భయము లేకుండా ఆడుకొనే దినములను మాకు చూపించుము. వారిని కాపాడుము. పెద్దలమైన మాకు జ్ఞానమును, ధైర్యమును దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.